కొడుకు తిరుగుబాటు, తండ్రి ఇల్లు

సువార్తల పుణ్యమా అని తెలుగులో పరిసయ్యుడంటే పైకి భక్తి, లోపల కపటం. సద్దూకయ్యుడంటే పునరుత్థానం లేదని వాదించేవాడు. పరలోకం గురించి వాళ్లేమనుకుంటే మనకేం గానీ, అప్పుల గురించి ఏమనుకున్నారో చూడాలి. ఆనాటి యూదయ అసలు రంగు అక్కడ తెలుస్తుంది.

మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ లెక్కలో పరిసయ్యులు 6,000 పైచిలుకు, ఎస్సేనులనే మరో యూదు వర్గం వారు 4,000 పైచిలుకు. సద్దూకయ్యుల మాట చెల్లేది ధనికుల దగ్గరే అంటాడు. కలవారికి పరలోకంతో పనేముంది, అందుకే లేదన్నారని తేల్చేయడం తేలిక. నాకది అతకదు. రాతలో ఉన్న ధర్మశాస్త్రమే ప్రమాణమన్నది వాళ్ల పట్టు. పెద్దల నుంచి వచ్చిన ఆచారమూ ప్రమాణమేనని పరిసయ్యులు. అంటే శాస్త్రానికి అర్థం చెప్పే అధికారం ఎవరిదన్నదే తగువు.

ఆ అధికారం చేతికొస్తే ఏం చేయొచ్చో యూదు ధర్మగురువు హిల్లేల్ చూపించాడు. ఏడేళ్లకోసారి అప్పులు రద్దు చేయాలని ద్వితీయోపదేశకాండం విధించింది. ఆ ఏడు దగ్గరపడేకొద్దీ పేదవాడికి అప్పు పుట్టడం మానేసింది. దాంతో ఆయన ప్రోజ్‌బుల్ అనే ఏర్పాటు తెచ్చాడని యూదు ధర్మగురువుల తీర్పుల సంకలనం మిష్నా చెబుతుంది. రావలసిన బాకీని ఎప్పుడైనా వసూలు చేసుకుంటానని రుణదాత న్యాయాధిపతుల ముందు రాసిస్తే చాలు, ఇక రద్దు వర్తించదు. శాస్త్రంలో అక్షరం చెరగలేదు, బాకీ మాత్రం మిగిలింది. పేదల మీద దయా, వడ్డీ వ్యాపారికి ఊతమా? రెండూ అనే నా ఉద్దేశం. మృతసముద్రం దగ్గరి మురబ్బాత్ గుహల్లో నీరో పాలన రెండో ఏటి అప్పు పత్రం ఒకటి దొరికింది. అప్పులు రద్దయ్యే ఆ ఏడో ఏడైనా సరే తీరుస్తానని బాకీదారు అందులో ఒప్పుకున్నాడు.

ఎస్సేనులకు ఈ బాధే లేదు. చేరినవాడు ఆస్తి ఉమ్మడిలో కలిపేయాలి. తమలో తమకు కొనడాలూ అమ్మడాలూ లేవు.

ఎస్సేనులది ఒక దారైతే, మరికొందరు తిరుగుబాటు బాట పట్టారు. క్రీ.శ. 6లో రోమ్ జనాభా లెక్కలకు దిగినప్పుడు గలిలయుడైన యూదా అడ్డం తిరిగాడు. దేవుడు తప్ప మరో యజమాని లేడన్నాడు. అతని పక్కన నిలిచిన సాదోకు పరిసయ్యుడే. స్వేచ్ఛ మీద పిచ్చి ప్రేమ తప్పిస్తే ఈ ఇద్దరి వర్గం అన్నిటా పరిసయ్యులతో ఏకీభవించేదని జోసీఫస్ అంటాడు.

అరవై ఏళ్ల తర్వాత, 66లో, రోమ్ మీద తిరుగుబాటుకు తెరలేపుతూ, చక్రవర్తి పేరిట ఆలయంలో జరిగే బలిని ఆపించినవాడు ఎలియాజరు. సాక్షాత్తూ మాజీ ప్రధాన యాజకుడు అననీయ కొడుకు! కొద్ది రోజుల్లోనే తిరుగుబాటుదారులు అననీయ ఇంటికి నిప్పుపెట్టారు. ఆ వెంటనే దస్తావేజుల భవనానికీ. అప్పు పత్రాలన్నీ బూడిదయ్యాయి. కలవారంతా ఒక పక్క, లేనివారంతా మరో పక్క అనే లెక్క ఇక్కడే తప్పుతుంది. గలిలయుడైన యూదా కొడుకు, మరో తిరుగుబాటు నాయకుడు మెనహేము రాజఠీవితో ఆలయంలోకి వచ్చేసరికి ఎలియాజరు మనుషులే అతని మీద పడ్డారు. పట్టుకుని చంపేశారు.

బాకీదారులను తమవైపు తిప్పుకోవడానికే పత్రాలు కాల్చారని జోసీఫస్ రాశాడు. అతనిది సంపన్న యాజక కుటుంబం. ఆ చరిత్ర రాసే నాటికి రోమ్‌లో, చక్రవర్తి ఇచ్చిన ఇంట్లో, చక్రవర్తి ఇచ్చే భృతి మీద ఉంటున్నాడు. కాలిపోయిన పత్రాల్లో పేర్లున్నవాళ్లెవరూ చరిత్ర రాయలేదు.