గృహిణీ విజ్ఞానము: ఇంటి కొరకు, ఇంటి వెలుపల



విద్యుచ్ఛక్తి నిలిచిపోయిన వేళ ఇల్లంతటిని నడుపు జనరేటరును గూర్చి వ్రాయుడని కొందరు మమ్ము కోరియున్నారు. ఎంత పరిమాణముది కొనవలయును, ఎట్లు నడుపవలయును అనునవి వారి ప్రశ్నలు. మాకు తెలిసినంత చెప్పెదము. కాని అంతకు ముందు దానిని ఎచ్చట నుంచవలయునో చెప్పక విడువజాలము. ఆ యొక్క సంగతి యెరుగక మేమొక రాత్రి ఇంటిల్లిపాదిని పోగొట్టుకొనబోయితిమి.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రాంతమున తీరము దాటెను. మేమప్పుడు ఆ చేరువ గ్రామముననే యుంటిమి. కొబ్బరిచెట్లును జీడిమామిడి తోటలును నేలకూలెను. విద్యుత్ స్తంభములు వరుసగా వ్రాలెను. బావిలో నీరున్నను మోటారు తిరుగదు. అత్తగారి ఇన్సులిను మందును చల్లగా నుంచుటకు మంచుగడ్డ దొరకదు. మూడవనాడు మావారు షామియానాలు అద్దెకిచ్చువారి యొద్దనుండి చిన్న పెట్రోలు జనరేటరును తెచ్చిరి. వాన వచ్చిన తడియునను భయముచే దానిని పెరటి వసారాలో, వంటయింటి కిటికీ క్రింద నుంచితిమి. రెండు కొసలను ప్లగ్గులు గల తీగ నొకదానిని గోడలోని సాకెట్టునకు తగిలింపగానే ఇల్లంతయు వెలిగెను. ఎంతయో సంతోషించి, తలుపులు మూసికొని నిద్రించితిమి.

తెల్లవారుచుండగా మా చిన్నది తలనొప్పి యని లేచి వాంతి చేసికొనెను. మాకును తల తిరుగుచుండెను. అత్తగారిని పిలిచిన పలుకలేదు. తుపాను నాళ్ల బడలిక కాబోలు ననుకొంటిమి. ఇంతలో వీధిలో స్తంభము నిలుపవచ్చిన లైనుమను ఒకడు మా యింటి దీపము చూచి పరుగున వచ్చి తలుపు కొట్టెను. “అమ్మా, ముందు ఆ మెషీను ఆపండి. మీ కరెంటు మా స్తంభమెక్కుతోంది” అని కేకవేసి, లోపలి మా స్థితియు వసారాలోని యంత్రమును చూచి, “అందరూ బయటికి వచ్చేయండమ్మా!” అనెను. అత్తగారిని మంచముతో సహా వాకిటికి మోసితిమి. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టిన పిదప గాని ఆమె తెప్పరిల్లలేదు. ఆ లైనుమను వచ్చినది తన ప్రాణము కొరకు. నిలిపినది మా ప్రాణములను.

భారతమున లాక్షాగృహము చొచ్చిన ధర్మరాజు నేతి వాసనను, లక్క వాసనను బట్టి అందలి మోసమును గ్రహించెను. మా యింట జొరబడిన విషమునకు ఆ పాటి వాసనయు లేదు. పెట్రోలు గాని డీసెలు గాని మండునపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు పైబడిన బలముతో దీనిని పట్టుకొనును. అందుచే ఊపిరి ఆడుచున్నట్లే యుండును గాని దేహమునకు ప్రాణవాయువు అందదు. తలనొప్పి, తల తిరుగుట, వికారము, నీరసము మొదట తోచును. నిద్రించువారికి ఆ హెచ్చరికయు నుండదు.

కాబట్టి జనరేటరును తలుపులకును కిటికీలకును 20 అడుగులకు తక్కువ కాని దూరమున, ఆరుబయట నుంచవలయును. వసారా, మెట్ల క్రింది చోటు, కారుశాల, బాల్కనీ ఇవేవియు పనికిరావు. కిటికీలు తెరచితిమి, పంకా తిప్పితిమి అను ధైర్యము చెల్లదు. స్థిరముగా నెలకొల్పువారు ఎత్తైన సిమెంటు దిమ్మె మీద నిలిపి, పొగగొట్టమును తమ కిటికీలకే కాక పొరుగువారి కిటికీలకును ఎడముగా త్రిప్పింపవలయును. డీసెలు జనరేటరు మీటరు దూరమున 75 డెసిబెల్సునకు మించి ధ్వని చేయరాదని ప్రభుత్వ నియమము కలదు; ఇందుకై ధ్వని నడచు పెట్టెతో అమ్ముదురు. ఆ పెట్టె చప్పుడునే ఆపును, విషమును ఆపదు. పడకగది చెంత కార్బన్ మోనాక్సైడు అలారము నొకటి పెట్టించుట మేలు. ఇంటిలో ఇద్దరికి ఒక్కసారే తలనొప్పి వచ్చినచో కారణము విచారింపక ముందు అందరును వెలుపలికి రావలయును. పిదప 108కి ఫోను చేయవలయును.

ఇక లైనుమను మాట. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టుల శక్తిని తగ్గించి మన ఇండ్లకు 230 వోల్టులుగా పంపును. మన యంత్రపు శక్తి వెనుదిరిగి దానిలో ప్రవేశించినచో అదియే దానిని మరల వేల వోల్టులుగా పెంచును. లైను చచ్చియున్నదని నమ్మి తీగ పట్టినవాడు మరణించును. రెండు ప్లగ్గుల తీగ మా యింట చేసినది ఇట్టి పనియే. దీనికి విరుగుడు చేంజోవర్ స్విచ్చి. అది వీధి శక్తికి గాని, జనరేటరునకు గాని ఒక్కదానికే దారి యిచ్చును, రెండును కలియనీయదు. చేతితో త్రిప్పునదియు కలదు, తనంత తానే మారునదియు కలదు. ఏదైనను లైసెన్సు గల విద్యుత్ పనివానిచేతనే పెట్టించి, ఎర్తింగు సరిగా నున్నదో లేదో పరీక్షింపజేయుడు.

పరిమాణము సంగతి గృహిణియే లెక్కింపదగినది. మా యింట పాత పంకాలు అయిదు, ఒక్కొక్కటి 75 వాట్ల వంతున 375, తొమ్మిది వాట్ల దీపములు పది, 90, ఫ్రిజ్జి 200, టీవీ 100, ఒక గుఱ్ఱపు శక్తి గల నీటి మోటారు సుమారు 1,000. వెరసి 1,765 వాట్లు. కాని మోటారు మొదలగునపుడు తాను నడచునపటికంటె కొన్నిరెట్ల శక్తిని లాగును. అందుచే మేము 5 కేవీఏ డీసెలు జనరేటరును కొంటిమి. కేవీఏలో సాధారణముగా అయిదింట నాలుగు పాళ్లే కిలోవాట్లుగా లెక్కింతురు గనుక, అది 4,000 వాట్లకు సరి. మొదట మోటారు నడిపి తొట్టి నింపి, ఆపిన పిదపనే తక్కినవి వేసికొందుము. ఏసీ, నీళ్లు కాచు గీజరు దీనిపై వేయము. రెండు పంకాలు, నాలుగు దీపములు చాలునను వారికి బ్యాటరీ ఇన్వర్టరే చాలును. దానికి పొగ లేదు.

నడుపు పద్ధతి కష్టమైనది కాదు. నెలకొకసారి అరగంటసేపు కొంత బరువు పెట్టి నడుపవలయును. ఊరకే నిలిపిన బ్యాటరీ చచ్చును. బరువు లేక తరచు నడిపిన డీసెలు యంత్రమున మసి పేరుకొనును. నూనె మట్టము ప్రతిసారియు చూచి, చేతిపుస్తకమున చెప్పిన గంటలకు మార్పింపవలయును. గంటల లెక్క వ్రాయుటకు మేమొక పాత లెక్కల నోటుపుస్తకము నుంచితిమి. యంత్రమును ఆపి, చల్లారిన పిమ్మటనే ఇంధనము పోయవలయును. డీసెలు డబ్బాను ఇంటిలో దాచరాదు.

ఆనాడు వాంతి చేసికొన్న మా చిన్నది ఇప్పుడు పెద్ద తరగతులకు వచ్చినది. నెలకొకసారి యంత్రము నడుపు ఆదివారమున తానే పోయి మొదట చేంజోవర్ స్విచ్చిని, తరువాత మా కిటికీలను చూచివచ్చును. అత్తగారు దానిని చూచి నవ్వుకొందురు గాని వలదనరు.

జనరేటరు గల సోదరీమణులు ఈ పుట చదివిన పిదప ఒక్కసారి పెరటిలోనికి పోయి, దానికిని తమ పడకగది కిటికీకిని నడుమ నెన్ని అడుగులున్నవో కొలిచి చూతురుగాక.