మీట మాయమైతే భారము కంటి మీదనే



ఈ వారము రక్తపోటును, మధుమేహమును కొంచెము పక్కన పెట్టి ఒక యంత్రము గురించి వ్రాస్తున్నాను. తిరిగి తిరిగి ఇది చేరేది మన ఆరోగ్యము దగ్గరకే గనుక ఓపికతో చదవమని కోరిక.

బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేస్తున్న మా మేనల్లుడు మొన్న ఫోను చేశాడు. "మామయ్యా, వాడిన ల్యాప్‌టాప్ ఒకటి చవకగా వస్తోంది. కీబోర్డు పైవరసలో మీటలకు బదులు గాజుపట్టీ ఉన్న రకము. మా ఆఫీసులో సగము మంది వద్దంటున్నారు. అంత చిన్న పట్టీకి ఇంత గోల ఎందుకో నాకు అర్థము కావడము లేదు. నా మెడనొప్పికి మందు వ్రాసింది మీరే కదా, మీరే చెప్పండి" అన్నాడు.

కంప్యూటర్ల గురించి నాకు తెలిసినది తక్కువ. వేళ్ళ గురించి, కళ్ళ గురించి మాత్రము యాభై ఏళ్ళుగా చదువుకుంటూనే ఉన్నాను. ఆ దృష్టితో ఈ పట్టీ కథను పరిశీలించినప్పుడు నాకు ఒక విషయము స్పష్టమైంది. వాడుకరులు చేసిన ఫిర్యాదులు గోల కాదు. అవి సరియైన రోగలక్షణములు.

జరిగినది ఏమిటి?

2016 అక్టోబరు 27న ఆపిల్ సంస్థ అమెరికాలోని కూపర్టినోలో కొత్త మ్యాక్‌బుక్ ప్రో యంత్రములను ప్రదర్శించింది. వాటిలో ఎఫ్1 నుండి ఎఫ్12 వరకు ఉండే మీటలు, వాటి ఎడమ చివరనుండే ఎస్కేప్ మీట తొలగిపోయాయి. ఆ స్థానములో టచ్ బార్ అనే సన్నని స్పర్శపట్టీ వచ్చింది. నిజానికి అది ఒక చిన్న తెర. వెడల్పున 2170 చుక్కలు, ఎత్తున 60 చుక్కలు. ఏ ప్రోగ్రాము తెరిస్తే దానికి తగిన గుర్తులు అందులో కనిపిస్తాయి. ఉత్తరము వ్రాసేటప్పుడు రాబోయే పదములు, ఫోటోలు దిద్దేటప్పుడు రంగులు, పాట వినేటప్పుడు ముందుకు వెనుకకు జరిపే గీత కనిపిస్తాయి. కుడి చివర వేలిముద్రను గుర్తించే టచ్ ఐడి మీట ఉంటుంది. పట్టీ ఉన్న 13 అంగుళముల యంత్రము అమెరికాలో 1,799 డాలర్లు, 15 అంగుళములది 2,399 డాలర్లు. పట్టీ లేకుండా పాత మీటలతో వచ్చిన 13 అంగుళముల రకము 1,499 డాలర్లు.

చూడముచ్చటగా ఉన్నదని మెచ్చుకున్నవారు లేకపోలేదు. శబ్దమును వేలితో జరిపి పెంచుకోవడము, బొమ్మల గుర్తులను ఎంచుకోవడము, వీడియోలో కావలసిన చోటికి చప్పున వెళ్ళడము కొందరికి నచ్చాయి. చూపు తక్కువైనవారి కోసము పట్టీలోని గుర్తులను తెర మీద పెద్దవిగా చూపే ఏర్పాటు, వాటిని చదివి వినిపించే ఏర్పాటు కూడ ఆ సంస్థ చేసింది. మంచిని మంచి అనే చెప్పాలి.

కాని రోజంతా కీబోర్డు మీద బ్రతికేవారు, ముఖ్యముగా ప్రోగ్రాములు వ్రాసేవారు, బాధ పడ్డారు. విమ్ వంటి ప్రోగ్రాములలో ఎస్కేప్ మీటను గంటకు ఎన్ని సార్లు నొక్కుతారో వారికే లెక్క ఉండదు. ఆ మీట ఇప్పుడు గాజు మీద ఒక బొమ్మ అయిపోయింది. కొందరు క్యాప్స్ లాక్ మీటను ఎస్కేప్‌గా మార్చుకొని పని గడుపుకున్నారు. అందుకు వీలును ఆ సంస్థే తన సాఫ్ట్‌వేరులో కల్పించింది. మరి కొందరు, చెరిపే మీటను నొక్కబోతే వేలు పైన గాజుకు తగిలి, పిలవని సిరి పలుకుతున్నదని విసుక్కున్నారు. అందరి నోటా వినిపించిన మాట ఒకటే: "చూడకుండా నొక్కలేకపోతున్నాము."

నేను పట్టుకున్న లక్షణము ఇదే.

వేలికి ఏమి తెలుసు?

వేలికొన చర్మములో స్పర్శను గ్రహించే నిర్మాణములు ముఖ్యముగా నాలుగు రకములు. మెర్కెల్ కణములు నిలకడగా ఉన్న ఒత్తిడిని, వస్తువుల అంచులను గుర్తిస్తాయి. మైస్నర్ కణికలు తేలికపాటి తాకిడిని, జారుడును పసిగడతాయి. పాచీనియన్ కణికలు కంపనమును, రఫీని గ్రాహకములు చర్మపు సాగుదలను తెలుపుతాయి. వీటికి తోడు కండరములలోను కీళ్ళలోను ఉండే గ్రాహకములు చెయ్యి ఎక్కడ ఉన్నదో, ఎంత వంగినదో మెదడుకు నిరంతరము చెబుతూనే ఉంటాయి. కళ్ళు మూసుకొని ముక్కు కొనను వేలితో తాకగలుగుతున్నాము అంటే ఈ స్థితిజ్ఞానము చలవే.

ఒక పనిని వేల సార్లు చేసిన తరువాత దాని జ్ఞాపకము చిన్నమెదడులోను, మెదడు లోతులలోని కేంద్రములలోను స్థిరపడుతుంది. ఆ తరువాత ఆలోచనతో పని లేదు. పద్యనాటకములో హార్మోనిస్టును గమనించండి. అతని చూపు నటుని ముఖము మీద ఉంటుంది, మెట్ల మీద ఉండదు. కీబోర్డులో ఎఫ్, జె అక్షరముల మీద చిన్న గీతలు ఎందుకు ఉబ్బెత్తుగా ఉంటాయి? చూపుడువేళ్ళు తమ ఇల్లు తామే వెదుక్కోవడానికి.

నున్నని గాజుకు అంచు లేదు. నొక్కితే అది లోపలికి దిగదు. ఆ యంత్రములోనే కింద ఉన్న ట్రాక్‌ప్యాడు నొక్కినప్పుడు కృత్రిమముగానైనా చిన్న అదురును వేలికి అందిస్తుంది. ఈ పట్టీ అదీ ఇవ్వలేదు. పైగా దానిలోని గుర్తులు ప్రోగ్రాము మారినప్పుడల్లా మారిపోతుంటే వేలు దేనిని జ్ఞాపకము పెట్టుకోవాలి? వేలు చేతులెత్తేసినప్పుడు ఆ పని కంటి మీద పడుతుంది.

కంటికి ఉన్న పని చాలదా? స్పష్టమైన చూపునిచ్చేది రెటీనా నడుమ ఉన్న ఫోవియా అనే చిన్న గుంట మాత్రమే. తెర మీది అక్షరమును, కీబోర్డు మీది గుర్తును అది ఒకేసారి చూడలేదు. చూపు దించాలి, దూరము సరిచేసుకోవాలి, గుర్తును వెదకాలి, మళ్ళీ తెర మీద వదిలిన చోటును పట్టుకోవాలి. నలభై దాటి చత్వారము వచ్చినవారికి, రెండు రకముల అద్దములున్న కళ్ళజోడు పెట్టుకున్నవారికి ఇది మరింత శ్రమ. కంటితో పాటు మెడ కూడ వంగి లేవాలి. ఈ పట్టీ వలన ఎవరికో జబ్బు వచ్చిందని నేను అనడము లేదు. కాని ఒక క్షణము పట్టే ఆ పని రోజుకు వందల సార్లు జరిగితే, ప్రతిసారీ తెగిపోయేది ఆలోచన. "రోజంతా చికాకుగా ఉంటున్నది, ఎందుకో తెలియడము లేదు" అనే యువకులను నేను చూశాను. అటువంటి చికాకుకు కారణము ఒక్కొక్కసారి ఇంత చిన్నదే.

అలవాటు పడని మొండితనమా?

కొత్తది ఏది వచ్చినా జనము మొదట వద్దనే అంటారు, కొన్నాళ్ళకు అలవాటు పడతారు అని ఒక వాదము ఉన్నది. చాలా విషయములలో అది నిజమే. ఇక్కడ మాత్రము దానికి సమాధానము ఆ పట్టీ కుడి చివరలోనే ఉన్నది. అదే రోజున, అదే యంత్రములో, అదే వరసలో వచ్చిన వేలిముద్ర మీటను ఆ వాడుకరులే ఆనందముగా స్వీకరించారు. అది నేటికీ ఆ సంస్థ ల్యాప్‌టాపులలో ఉన్నది. తడిమి తెలుసుకోగల చోట, ఎన్నడూ మారని ఒకే పని చేసే మీట అది. మొండివారైతే రెంటినీ కాదనేవారు. వారు ఒకదానిని ఉంచుకొని ఒకదానిని వద్దన్నారు. దానిని వివేకము అంటారు.

హెచ్చరిక ముందే లేకపోలేదు. 2014లో లెనోవో సంస్థ తన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో పైవరస మీటలను తీసివేసి మారే గుర్తులున్న స్పర్శపట్టీని పెట్టింది. 2015 నమూనాలోనే పాత మీటలను తిరిగి తెచ్చింది. ఆపిల్ దారి కొంచెము పొడవు. 2019 నవంబరులో వచ్చిన 16 అంగుళముల యంత్రములో ఎస్కేప్ మీట తిరిగి వచ్చింది. 2021 అక్టోబరులో వచ్చిన 14, 16 అంగుళముల యంత్రములలో పట్టీయే పోయి, పూర్తి ఎత్తున్న మీటలు వచ్చాయి. పట్టీ మిగిలిన చివరి 13 అంగుళముల రకము 2023లో అమ్మకము నుండి తొలగింది. తప్పును దిద్దుకున్నందుకు మెచ్చుకుందాము. కాని మొదటి నెలలోనే రోగి చెప్పిన లక్షణమునకు చికిత్స అందడానికి ఐదేళ్ళు పట్టింది.

చీకటిలో ఒక చెయ్యి

నాకు ఈ విషయము ఇంత పట్టింపు కావడానికి కారణము ఒక పాత జ్ఞాపకము. 1980 దశకములో ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రి సిజేరియన్ శస్త్రచికిత్స జరుగుతుండగా కరెంటు పోయింది. టార్చిలైటు వచ్చేవరకు గదిలో ఏమీ కనిపించలేదు. మత్తుమందు ఇస్తున్న మా సీనియరు ఒక చేతిని తల్లి నాడి మీదనే ఉంచి, రెండవ చేతిని బాయిల్స్ యంత్రము మీదకు పోనిచ్చి ఆక్సిజను పెంచారు. తరువాత అడిగితే, "మీట చేతికి చెబుతుందయ్యా" అన్నారు.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. మత్తుమందు యంత్రములలో ఆక్సిజను మీటను మిగిలిన వాటికంటె పెద్దదిగా, అంచున లోతైన గాడులతో, కొంచెము ముందుకు వచ్చేలా చేస్తారు. నైట్రస్ ఆక్సైడు మీట అలా ఉండదు. కన్ను రోగి మీద ఉన్నప్పుడు వేలు పొరపడకూడదని చేసిన ఏర్పాటు అది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికాలో ఆల్ఫాన్స్ చాపానిస్ అనే మనోవిజ్ఞానవేత్త విమానములలో ఇటువంటి పనే చేశాడు. చక్రములను దించే మీటకు, రెక్కల అంచులను కదిలించే మీటకు తేడా తెలియక పైలట్లు పొరపడుతుంటే, ఒకదానికి చిన్న రబ్బరు చక్రమును, మరొకదానికి రెక్క ఆకారపు తొడుగును తగిలించాడు.

ఈ పాఠమును మరచినప్పుడు మూల్యము పెద్దదే. 2017 ఆగస్టు 21న సింగపూరు సమీపములో అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు నౌకను ఢీకొని 10 మంది నావికులు మరణించారు. దర్యాప్తు చేసిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి శిక్షణ, పర్యవేక్షణ లోపములను ప్రధానముగా ఎత్తిచూపింది. దానితో పాటు, నౌకను నడిపే స్పర్శతెరల అమరిక పొరపాట్లకు తావిచ్చిందని కూడ చెప్పింది. 2019లో అమెరికా నౌకాదళము వేగమును నియంత్రించే చేతిమీటలను తిరిగి తెస్తామని ప్రకటించింది. కార్ల భద్రతకు చుక్కలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ కూడ మలుపు దీపములు, ప్రమాద సూచిక దీపములు, హారను, అద్దము తుడిచే పుల్లలు, అత్యవసర పిలుపు, ఈ ఐదింటికి 2026 నుండి నిజమైన మీటలు ఉండాలని కోరుతున్నది.

మన ఇంటిలో

ల్యాప్‌టాపులో మీట పోతే పోయేది కొంత సమయము, కొంత ఓర్పు. ఇంటిలో పెద్దవారున్న చోట సంగతి వేరు. నున్నని పలకల ఇండక్షన్ పొయ్యిలు, రక్తపోటు యంత్రములు ఇళ్ళలోకి వస్తున్నాయి. చాలా స్పర్శపలకలు వేలి వలన విద్యుత్ క్షేత్రములో వచ్చే మార్పును గ్రహించి పనిచేస్తాయి. ఎండిన చర్మము, తడి చెయ్యి వాటిని తికమక పెడతాయి. మధుమేహముతో వేళ్ళు తిమ్మిరెక్కినవారికి, చెయ్యి వణికేవారికి, శుక్లములు వచ్చినవారికి అవి మరింత కష్టము. అందుచేత నా సూచనలు కొన్ని:

పెద్దవారికి పరికరము కొనేముందు దుకాణములోనే వారి చేతికి ఇచ్చి, కళ్ళు మూసుకొని ఆపగలరేమో చూడండి. ఆరంభించే మీట కంటె ఆపే మీట ముఖ్యము.

ఉన్న పరికరము నున్ననిదైతే ముఖ్యమైన గుర్తు పక్కన ఉబ్బెత్తు చుక్క స్టిక్కరు అంటించండి.

ఇన్సులిన్ పెన్ను తిప్పినప్పుడు వచ్చే టిక్కు శబ్దము చేతికి సాయము మాత్రమే. మోతాదును కిటికీలోని అంకె చూసి నిర్ధారించుకోండి. చూపు చాలకపోతే మరొకరి చేత చూపించుకోండి.

ఇంటిలో పెద్దవారు "ఇది నా చేతికి రావడము లేదు" అంటే, "నీకు తెలియదు, అలవాటవుతుందిలే" అనకండి. ఆ మాటను లక్షణముగా వినండి. లోపము ముందు పరికరములో వెదకండి, ఆ తరువాతనే మనిషిలో.

మా మేనల్లునికి చెప్పినది కూడ ఇదే. ఎస్కేప్ మీట అక్కరలేని పని అయితే పట్టీ ఉన్న యంత్రము కొనుక్కోవచ్చు. వాడు చేసేది ప్రోగ్రాములు వ్రాసే పని, మెడ ఇదివరకే నొస్తున్నది. మీటలున్నదే కొనమన్నాను. నాలుగు వేలు ఎక్కువవుతుందట. మెడ మందుల కంటె అది చవకే.

మీ ఇంటిలో ఏ పరికరము పెద్దవారిని ఇబ్బంది పెడుతున్నదో ఈ రోజే ఒకసారి వారిని అడగండి. సమాధానము పూర్తయ్యేవరకు వినండి.