గిటార్ పెట్టెకు పొడవు ఒక్కటే చాలదు

సంపాదకులకు,

పొడవు సరిపోతే ఎలక్ట్రిక్ గిటార్‌కు ఏ హార్డ్ కేస్ అయినా చాలని మీ వ్యాసకర్త రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. ఈ గిటార్లు చాలావరకు మీటరుకు అటూ ఇటూగానే ఉంటాయి. తేడా అంతా ఆకారంలోనూ తల వాలులోనూ ఉంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తల మెడతో తిన్నగా ఉంటుంది. గిబ్సన్ లెస్ పాల్ తల సుమారు 17 డిగ్రీలు వెనక్కి వంగుతుంది. లోపల చదునుగా ఉన్న పెట్టెలో దాన్ని పడుకోబెడితే తల కొన అడుగుకు ఆనుకుంటుంది. ఆ పెట్టె వెల్లకిలా పడితే, తలా మెడా కలిసేచోట తీగలను మోసే నట్ వెనక, మెడను తిన్నగా ఉంచే లోహపు కడ్డీ (ట్రస్ రాడ్) కోసం కొయ్య తొలిచిన చోటే మెడ విరగవచ్చు. పెట్టెకు మాత్రం గీత కూడా పడకపోవచ్చు!

అందుకే గిటార్‌ను అంగడికి వెంట తీసుకుపోవాలి. లోపలి దిమ్మ మెడను మోయాలి, తల కింద వేలు దూరే సందుండాలి. మూత వేసి మెల్లగా ఊపితే లోపల ఏదీ కదలకూడదు. V ఆకారపు ఫ్లయింగ్ వీ లాంటి గిటార్లకు వేరే పెట్టె తప్పదు.

మేలూరు నుంచి మదురైకి కిక్కిరిసిన బస్సులో వాయిద్యం మోసుకుపోయే మా పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించాక, మన ఇళ్లలో ఇలాంటి వాయిద్యాలను పరాయివిగా ఎవరు చూస్తారు? వచ్చే సంచికలో ఏ గిటార్‌కు ఏ పెట్టో కొలతలతో సహా వేయండి.

ఒక పాఠకుడు,
మేలూరు, మదురై జిల్లా