సేమియాకు చుట్టమే!

తల్లిదండ్రులారా, కోచింగ్‌కో ఉద్యోగానికో అమీర్‌పేటలో ఉంటున్న పిల్లలు, మీరు చూడ వచ్చినప్పుడు "పాస్తా తిందాం రండి" అని పంజాగుట్ట వైపు హోటలుకు తీసుకువెళ్తారు. అక్కడి మెనూ, ముళ్ల చెంచా చూసి చాలామంది పెద్దలు "మాకు ఆకలిగా లేదు" అనేస్తారు. అది ఆకలి లేక కాదు, బిడియం.

పాస్తా మనకు మరీ కొత్తది కాదు. డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వను నీటితో పిసికి, రకరకాల ఆకారాలలో చేసి ఆరబెడతారు. మన సేమియాకు చుట్టమే! మన హైదరాబాదు సేమియా 'బాంబినో' పేరు కూడా ఇటలీ మాటే. చిన్నబిడ్డ అని అర్థం. ఎర్రగా ఉంటే టమాటా. తెల్లగా ఉంటే పాలు, వెన్న, మైదా. ఇటలీవారు దానిని కాస్త పలుకుగానే దించుతారు. ఉడకలేదనుకోకండి.

ఇక బిల్లు. మామూలు హోటళ్లలో జి.ఎస్.టి. 5 శాతం. సర్వీసు చార్జీ మాత్రం పన్ను కాదు. దానిని తమంతట తామే బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసివేయమని మర్యాదగా అడగండి. వినకపోతే 1915కు ఫోను చేయవచ్చు.

పిల్లలారా, మెనూ మీరే చదివి వినిపించండి. నాన్న చేత్తో తింటే సిగ్గుపడకండి. మీకు గోరుముద్దలు పెట్టిన చెయ్యి అది. పెద్దలారా, వద్దనకండి. మీకు పెట్టాలని బిడ్డ దాచుకొన్న డబ్బు అది.