వర్షమాపకం వరండాలో పెడితే?

మా బడి వెనుక ఖాళీ స్థలంలో ఒక వర్షమాపకం ఉంది. సీసా, గరాటు, స్కేలు - అంతే. ఎనిమిదో తరగతి పిల్లలు తయారుచేసినది. మొదటిరోజు దాన్ని వాళ్ళు ఎక్కడ పెట్టారో తెలుసా? వరండాలో! "బయట పెడితే తడిసిపోతుంది మాస్టారూ" అన్నాడొకడు. ఆ రాత్రి బాగా వాన కురిసింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే సీసాలో చుక్క నీరు లేదు. సీసాకు పగులు లేదు, గరాటు సరిగానే అమర్చారు, స్కేలు మీద గీతలూ సరిగానే ఉన్నాయి. పరికరంలో లోపమేమీ లేదు. లోపమంతా దాన్ని పెట్టిన చోటులో ఉంది.

ఇదేదో నవ్వుకోవడానికి చెప్పిన ముచ్చట కాదు. కొన్నేళ్ళ కిందట ఇది నాకు మరోచోట గుర్తుకొచ్చింది. మా బడిలో పదో తరగతి పాసైన ఒక అమ్మాయి, కాలేజీ సీటు కోసం తనకు కావలసిన కాలేజీల పేర్లు కంప్యూటరులో నమోదు చేసుకోవలసిన ఆఖరు రోజది. తండ్రి ఆ పూట కూలిపని మానుకుని వచ్చాడు. మధ్యాహ్నం రెండు గంటలనుంచి మండల కేంద్రంలోని నెట్ సెంటరులో కూర్చున్నాం. పేజీ తెరుచుకుంటుంది. నంబరు కొట్టగానే తెల్లబడిపోతుంది. మళ్ళీ కొడతాం, మళ్ళీ తెల్లబడుతుంది. చివరకు అందులో ఇచ్చిన నంబరుకు ఫోను చేశాను. అవతలాయన మర్యాదగానే మాట్లాడాడు. "మా దగ్గర అన్నీ పచ్చగానే ఉన్నాయి సార్, మీ నెట్టు స్లోగా ఉందేమో చూసుకోండి" అన్నాడు. నెట్ సెంటరు కుర్రాడు వెంటనే నాలుగైదు ఇతర పేజీలు తెరిచి చూపించాడు. అవన్నీ చిటికెలో తెరుచుకున్నాయి.

ఆ ఫోనులో మాట్లాడినాయన అబద్ధం చెప్పాడని నేననుకోను. ఆయన ఎదుటి తెర మీద దీపాలు నిజంగానే పచ్చగా వెలుగుతూ ఉండి ఉంటాయి. ఆయన వర్షమాపకం వరండాలో ఉందన్నమాట.

రాత్రి పదిన్నరకు మా పని అయింది. అమ్మాయికి సీటు కూడా వచ్చింది. కాని మాతోపాటు కూర్చుని, ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని మధ్యలోనే లేచిపోయిన పిల్లలిద్దరి సంగతి ఏమయిందో నాకు తెలియదు.

అసలు ఆ పచ్చదీపాలేమిటి? ముందుగా సర్వర్ల సంగతి చెప్పుకుందాం. "క్లౌడు అంటే మేఘం కదా, కంప్యూటర్లు ఆకాశంలో ఉంటాయా?" అని నన్నడిగిన పిల్లలున్నారు. ఆకాశంలో ఏమీ లేదు. పెద్ద పెద్ద హాళ్ళలో బీరువాలవంటి చట్రాలలో వేలకొద్దీ కంప్యూటర్లను పేర్చి, రాత్రింబవళ్ళు కరెంటూ చల్లగాలీ అందిస్తూ, కావలసినవారికి వాటిని అద్దెకిస్తారు. మన హైదరాబాదు ప్రాంతంలో కూడా అమెజాన్ సంస్థ 2022 నవంబరులో ఇటువంటి కేంద్రాలను ప్రారంభించింది.

వాటిలో నడిచే ప్రోగ్రాముల పద్ధతి కూడా మారింది. పూర్వం ఒక పనికి ఒకే పెద్ద ప్రోగ్రాము రాసేవారు. ఇప్పుడు పెళ్ళివారి వంటశాలలో లాగా పనిని ముక్కలు చేస్తారు. కూరలు తరిగేవారు వేరు, పొయ్యి దగ్గర నిలబడేవారు వేరు, వడ్డించేవారు వేరు. మీ పరీక్షా ఫలితాల పేజీనే తీసుకోండి. హాల్ టికెట్ నంబరు తీసుకునేది ఒకటి, మార్కులు వెతికేది ఇంకొకటి, మెమో రూపంలో పేర్చేది మరొకటి. వీటినే మైక్రోసర్వీసులంటారు. జనం పెరిగితే వడ్డించేవారిని మాత్రం పెంచుకోవచ్చు. ఒక దాన్ని మార్చడానికి మిగతావాటిని ఆపనక్కరలేదు. సుఖమే! కాని విస్తట్లోకి సాంబారు రాలేదంటే తప్పు ఎవరిదో కనిపెట్టడం ఇప్పుడు కష్టం. అందుకని వచ్చిన ప్రతి కోరికకూ ఒక నంబరిచ్చి, అది ఏ సర్వీసు దగ్గరకు ఎప్పుడు చేరిందో, ఎప్పుడు బయలుదేరిందో రాయిస్తారు. రిజిస్టరు ఉత్తరం మీద ఊరూరి తపాలా ముద్రలు పడినట్లే. గూగుల్ ఇంజనీర్లు డ్యాపర్ అని పేరుపెట్టుకున్న తమ పద్ధతిని 2010లో వివరంగా ప్రకటించారు.

ఇక ఆరోగ్యం సంగతి. డాక్టరు నాడి, జ్వరం, ఊపిరి, రక్తపుపోటు చూసినట్లే సర్వర్లకూ నాలుగు లక్షణాలు చూడమని గూగుల్ వారు 2016లో తెచ్చిన ఒక పుస్తకంలో చెప్పారు. జవాబుకు పట్టే ఆలస్యం, వచ్చే కోరికల రద్దీ, తప్పిపోయిన జవాబులు, యంత్రం ఎంతవరకు నిండిపోయిందన్నది. మంచి లక్షణాలే. నా పేచీ వాటితో కాదు. వాటిని ఎక్కడ నిలబడి కొలుస్తున్నారన్నదే నా పేచీ.

2017 ఫిబ్రవరి 28న ఏం జరిగిందో చూడండి. అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ వారి ఎస్3 అనే నిల్వశాల ఉంది. ఎన్నో సంస్థలు తమ బొమ్మలు, ఫైళ్ళు అందులో దాచుకుంటాయి. బిల్లింగు పని నెమ్మదిగా సాగుతోందని, కొద్దిపాటి సర్వర్లను తొలగించడానికి ఒక ఉద్యోగి ఒక ఆదేశం టైపు చేశాడు. అందులో ఒక అంశం తప్పు పడింది. కొద్దిపాటి సర్వర్లకు బదులు చాలా సర్వర్లు తొలగిపోయాయి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే విభాగం, కొత్త ఫైలుకు చోటు కేటాయించే విభాగం - ఆ రెండూ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. అమెరికా పశ్చిమతీరపు కాలమానంలో ఉదయం 9.37కు మొదలైన ఇబ్బంది మధ్యాహ్నం 1.54కు గాని పూర్తిగా తీరలేదు.

టైపు తప్పు ఎవరైనా చేస్తారు. నన్ను ఆశ్చర్యపరచింది ఇంకొకటి. ఏ సేవ బాగుందో, ఏది పాడయిందో ప్రపంచానికి చూపించే పట్టిక ఒకటి అమెజాన్‌కు ఉంది. దాన్ని సరిదిద్దే ఏర్పాటు కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉంది! రోగితోపాటు థర్మామీటరూ మంచం పట్టింది. దాదాపు రెండు గంటలపాటు, 11.37 వరకు, ఆ పట్టికలో ఒక్కొక్క సేవ స్థితిని మార్చడం వారికి సాధ్యం కాలేదు. ఈలోగా ట్విట్టరులోనూ, ఆ పట్టిక పైన ఒక ప్రకటనగానూ సంగతి తెలియజేయవలసి వచ్చింది. అమెజాన్ వారే తరువాత ఈ సంగతులన్నీ దాచకుండా రాశారు. ఆ ఏర్పాటును ఒకే ప్రాంతంలో కాక పలు ప్రాంతాలలో నడిచేలా మార్చుకున్నారు కూడా. అది మెచ్చుకోవలసిన పని.

2021 అక్టోబరు 4 రాత్రి మన ఊళ్ళలో వాట్సప్ మూగబోయింది. నెట్టు డబ్బులు అయిపోయాయేమోనని మా ఇంట్లో నా ఫోనును నాలుగుసార్లు ఆపి తెరిచారు! ఫేస్‌బుక్ వారి కేంద్రాలను కలిపే ప్రధాన మార్గాలు ఒక మరమ్మతు ఆదేశం వల్ల తెగిపోయాయి. అటువంటి తప్పుడు ఆదేశాన్ని ఆపవలసిన తనిఖీ ప్రోగ్రాములోనే దోషం ఉంది. ఇంకా చిత్రం వినండి. లోకానికి వారి చిరునామా చెప్పే సర్వర్లకు ఒక నియమం ఉంది. కేంద్రాలతో మాట కలవకపోతే "నా సంబంధం బాగాలేదు" అనుకుని తమంతట తామే తప్పుకోవాలి. ఆ రోజు అన్నీ ఒక్కసారే అలా అనుకుని తప్పుకున్నాయి. దాంతో ఫేస్‌బుక్ ఎక్కడుందో లోకానికి తెలియకుండా పోయింది. తప్పు వెతకడానికి ఇంజనీర్లు వాడే సాధనాలు కూడా ఆ వలలోనే ఉన్నాయి. మనుషులు స్వయంగా ఆ కేంద్రాలకు వెళ్ళవలసి వచ్చింది. ఆరు గంటలు పట్టింది.

ఇవి పెద్ద ప్రమాదాలు. మా అమ్మాయి విషయంలో జరిగింది బహుశా ఇటువంటిది కాదు. అక్కడ ఇంకో మోసం ఉండవచ్చు. దాని పేరు సగటు. మీ లెక్కల పుస్తకంలో ఉన్న సగటే.

వందమంది ఒక పేజీ అడిగారనుకోండి. 99 మందికి సెకనులో పదోవంతులో జవాబు వచ్చింది. ఒక్కరికి 10 సెకన్లు పట్టింది. మొత్తం 19.9 సెకన్లు, సగటు 0.2 సెకను! ఆఫీసులో చూసేవారికి దీపం పచ్చనే. ఆ ఒక్కరు ఆ సగటులో ఎక్కడా కనిపించరు. ఇప్పుడు ఆ పేజీ వెనుక వంద సర్వర్లు పనిచేస్తున్నాయనీ, అన్నీ జవాబిస్తేగాని పేజీ పూర్తికాదనీ అనుకోండి. ఒక్కొక్కటి వందకు ఒక్కసారే ఆలస్యం చేస్తుంది. అన్నీ వేళకు జవాబిచ్చే అవకాశం ఎంత? 0.99ని వందసార్లు గుణించి చూడండి. 0.37 కూడా రాదు. అంటే వందమందిలో 63 మంది ఎదురుచూస్తూ కూర్చోవలసిందే. జెఫ్ డీన్, లూయిజ్ బరోసో అనే ఇంజనీర్లు 2013లో ఈ లెక్కనే చూపించారు. అందుకే తెలిసినవారు సగటును నమ్మరు. అందరినీ ఆలస్యం వరుసలో నిలబెట్టి, వందలో తొంభైతొమ్మిదోవాడు ఎంతసేపు ఆగాడని అడుగుతారు. దీన్ని పర్సంటైల్ అంటారు. మన పదో తరగతి పుస్తకంలో ఇది కూడా ఉంటే బాగుండునని నా కోరిక. ఏడాదికేడాది సగటులు, మధ్యగతాలు చెబుతూ వస్తున్నాను. తొంభైతొమ్మిదోవాడి గురించి చెప్పే అవకాశం ఇప్పటికిగాని రాలేదు.

నా అభిప్రాయం ఇది. పిల్లలు తప్పనిసరిగా వాడుకోవలసిన సేవలకు - ఫలితాలు, ప్రవేశాలు, ఉపకారవేతనాలు - కొలత బయటినుంచి జరగాలి. నడిపేవారి గదిలోనుంచి మాత్రమే కాదు, పాడేరులోనో ఉట్నూరులోనో ఉన్న మామూలు ఫోనునుంచి. ఆ అంకెలను వాతావరణశాఖ వానలెక్కను ప్రకటించినట్లే రోజూ అందరికీ ప్రకటించాలి. పేజీ చచ్చిపోయిన గంటలెన్నో గడువుకు అన్ని గంటలూ కలపాలి. ఇలా చేస్తే ఖర్చవుతుంది, నిజమే. చీటికిమాటికి గంటలు మోగితే ఉద్యోగులు చివరకు ఏ గంటనూ పట్టించుకోరన్నదీ నిజమే. కాబట్టి ఏది కొలవాలో తెలివిగా ఎంచుకోవాలి. కాని "మా దగ్గర పచ్చగానే ఉంది" అన్న జవాబు కంటే ఆ ఖర్చు నయం.

మా బడి పిల్లలు ఇప్పుడొక పని చేస్తున్నారు. మీరూ చేయవచ్చు. ఫలితాల రోజున ఒక నోటుపుస్తకం తీసుకుని, పది నిమిషాలకొకసారి పేజీ తెరవండి. ఊరికే పదేపదే నొక్కకండి, రద్దీ పెరుగుతుంది. సమయం, ఏ నెట్టు, తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టింది - ఈ మూడూ రాయండి. తెరుచుకోకపోతే మాత్రం ఆ గడి ఖాళీగా వదలకండి. సర్వరు దగ్గరకు చేరనేలేని కోరిక సర్వరు లెక్కల్లో ఉండదు. అది ఉండేది మీ నోటుపుస్తకంలోనే. కాబట్టి ఆ గడిలో "తెరుచుకోలేదు" అని స్పష్టంగా రాసి, పక్కన గంట వేయండి.