తుమ్మపాల ఫ్యాక్టరీ లెక్క ఎవరు చెబుతారు?

2011 సెప్టెంబరులో ఫ్రాన్సు కార్ల కంపెనీ ప్యూజో గుజరాత్‌లోని సనంద్‌ను ఎంచుకుంది. 4,000 కోట్ల రూపాయల పెట్టుబడి, ఏటా లక్షన్నరకు పైగా కార్లు అన్నారు. పోటీలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నోటిదాకా వచ్చిన కూడు జారిపోయిందని అప్పట్లో బాధపడ్డవాళ్లను నేనెరుగుదును.

ఏడాది తిరిగింది. 2012లో ఆ కంపెనీ నష్టం 500 కోట్ల యూరోలు. పారిస్‌లోని సొంత ప్రధాన కార్యాలయ భవనాన్నే అమ్ముకుంది. సనంద్ పథకం అటకెక్కింది. అక్కడ ప్యూజో ఒక్క కారు కూడా తయారు చేయలేదు. ఇదే కంపెనీ 1994లో ప్రీమియర్‌తో జతకట్టి కల్యాణ్‌లో 309 మోడల్ మొదలుపెట్టి, 1997లో మూటాముల్లె సర్దుకుపోయింది. అంటే మన నాయకులు దేని వెనక పరిగెత్తారు? తన కొంపే కూలబోతున్న యజమాని నోటి మాట వెనక!

నా కోపం ప్యూజో మీద కాదు. అదే 2012లో ఆ దేశంలో ఇంకొకటి జరిగింది, అది మనవాళ్లు చెవిన పెట్టుకోలేదని నా కోపం. జూలై 12న ప్యూజో 8,000 ఉద్యోగాలు తీసేస్తామంది, పారిస్ పక్కనున్న ఒల్నే ఫ్యాక్టరీని మూసేస్తామంది. అక్కడ పనివాళ్లు సుమారు 3,000 మంది. దేశమంతా అట్టుడికింది. రెండ్రోజులకే అధ్యక్షుడు హోలాండ్ ఆ ప్రణాళిక ఒప్పుకోదగింది కాదని టీవీలో చెప్పాడు. ప్రభుత్వం నిపుణుణ్ని వేసి కంపెనీ లెక్కలు తవ్వించింది. కార్మికులు 2013లో నాలుగు నెలలు సమ్మె చేశారు. చివరికి ఫ్యాక్టరీ మూతపడింది, నిజమే. కానీ జవాబు చెప్పకుండా మూయడం కంపెనీకి చేతకాలేదు.

ఇప్పుడు మన తుమ్మపాలకు రండి. ఏటికొప్పాకకు రండి. పాయకరావుపేట తాండవకు రండి. ఈ మూడూ సహకార చక్కెర ఫ్యాక్టరీలు. రైతు వాటా కట్టి నిలబెట్టినవి. క్రషింగ్ రోజుల్లో రోడ్ల నిండా చెరకు బళ్లు బారులు తీరేవి. మూడూ మూతపడ్డాయి. పారిస్ నుంచి వచ్చే దొరకు ఎర్ర తివాచీ పరచగల ప్రభుత్వాలకు, ఆ పార్టీ అయినా ఈ పార్టీ అయినా, సొంత రైతు ఫ్యాక్టరీలో బాయిలరు ఎందుకు ఆరిందో రైతులను కూర్చోబెట్టి చెప్పే ఓపిక లేకపోయింది. ఏ యంత్రం ఎప్పుడు చెడింది, ఏ అప్పు ఎవరు చేశారు, కార్మికుడి జీతం బకాయి ఎంత, రైతు బకాయి ఎంత? ఈ లెక్క ఊరి మధ్య చదివి వినిపించినవాడు ఎవడు?

డబ్బు లేదంటారా? 2005లో విశాఖకు వోక్స్‌వ్యాగన్ వస్తోందని, మధ్యలో పుట్టుకొచ్చిన ఒక సంస్థకు ఈ రాష్ట్ర ఖజానా నుంచి 11 కోట్లకు పైగా కట్టారు. ఫ్యాక్టరీ పుణె దగ్గర చకన్‌లో లేచింది. రాని కారుకు ముందే డబ్బు కట్టినవాళ్లు, వచ్చిన చెరకుకు డబ్బు ఎందుకు ఆపుతారు?

పరిశ్రమ వద్దని నేననను. అచ్యుతాపురం సెజ్‌లో మన పిల్లలే పనిచేస్తున్నారు. 2024 ఆగస్టు 21న అక్కడి మందుల కంపెనీ పేలుడులో 17 మంది చచ్చిపోతే, కంపెనీని తెచ్చామని ఫోటోలు దిగినవాళ్లంతా ఆ మృతదేహాలకూ బాధ్యులేనని అంటాను.

ఇవాళ నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు అంటున్నారు, ఉక్కు ఫ్యాక్టరీ అంటున్నారు. ఒప్పందాలన్నీ తెలుగులో అచ్చువేసి ప్రతి పంచాయతీ గోడకూ అంటించండి. ఎన్ని ఎకరాలు, ఏ రాయితీ, స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు, ఎన్నేళ్లలో పని మొదలుకాకపోతే భూమి వెనక్కి వస్తుంది? రేపు మూసేస్తే ముందు కూలివాడి బకాయి తీరుస్తారా, బ్యాంకుదా? అంతకంటే ముందు తుమ్మపాల ఆవరణలోనే షామియానా వేసి, అధికారులను కూర్చోబెట్టి, వాటాదారుల ముందు ఆ ఫ్యాక్టరీ పద్దు విప్పండి. ఈ సంక్రాంతి లోపే.