రాని అడుగును గురించి అడగండి

నిరుడు శీతకాలంలో మన కళాశాలలో నర్సింగు చదువుతున్న విద్యార్థినులు నలుగురు ఒక కాగితం పట్టుకొని తెలుగు శాఖకు వచ్చారు. బస్తీలోని తల్లులకు శిశువుల ఎదుగుదలను గురించి పదిహేను నిమిషాలపాటు తెలుగులో చెప్పడం వారి ప్రాక్టికల్ పరీక్షలో ఒక భాగమట. కాగితం నిండా ఇంగ్లీషు మాటలు: సోషల్ స్మైల్, నెక్ హోల్డింగ్, పిన్సర్ గ్రాస్ప్, స్ట్రేంజర్ యాంగ్జయిటీ. వాటికి తెలుగు కావాలని వారి కోరిక. నేను సాహిత్యం చెప్పుకొనేవాడిని. వైద్యం నా విద్య కాదు. అయినా నిఘంటువు ముందు వేసుకొని "సాంఘిక మందహాసం", "గ్రీవా నియంత్రణ" వంటి సమాసాలు కొన్ని తయారుచేసి ఇచ్చాను. వారిలో ఒక అమ్మాయి ఆ కాగితం చదివి, "సార్, ఇది మా అమ్మకు కూడ అర్థం కాదు" అన్నది. ఆ మాట నిజం. నేను ఇంగ్లీషు మాటలను సంస్కృతం దాకా తెచ్చాను గాని తల్లి దాకా తేలేదు. అప్పుడు కలిగిన సిగ్గే ఈ వ్యాసానికి మూలం.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా అమ్మనడిగాను. ఆమె బియ్యం ఏరుతూనే వరుసగా చెప్పింది. పలకరిస్తే నవ్వడం, మెడ నిలపడం, బోర్లా పడడం, పొట్టమీద ప్రాకడం, మోకాళ్ళపై దోగాడడం, గోడ పట్టుకొని నిలబడడం, తప్పటడుగులు వేయడం. ఉర్దూలో అడిగితే గర్దన్ సంభాల్నా, కర్వట్ లేనా, ఘుట్నోఁ కే బల్ చల్నా అన్నది. పిన్సర్ గ్రాస్ప్ అంటే ఏమిటో వ్రేళ్ళతో చూపించాను. "బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి మరమరాల గింజ ఏరుకోవడమే గదా" అన్నది. పాఠ్యగ్రంథం శిశు వికాసానికి చెప్పే మొదటి సూత్రం, అది శిరస్సు నుండి పాదాలకు, దేహమధ్యం నుండి కొసలకు సాగుతుందని. మా అమ్మ చెప్పిన వరుసలో మెడ ముందు, నడుము తరువాత, కాళ్ళు చివర. సూత్రం పేరు ఆమె వినలేదు. వరుస మాత్రం తప్పలేదు.

ఇంతటితో ఆగక, మన ఇండ్లలో ఈ మెట్లన్నీ పండుగలుగా ఉన్నవని కూడ గమనించాలి. తెలుగునాట బిడ్డ నవ్వినందుకు నువ్వుండలు, బోర్లా పడినందుకు బొబ్బట్లు, ప్రాకినందుకు పాయసం, అడుగులు వేసినందుకు అరిసెలు, పలుకులు వచ్చినందుకు పంచదార చిలకలు పంచే ఆచారం ఉన్నది. హిందువుల ఇండ్లలో ఆరవ నెల ప్రాంతంలో జరిగే అన్నప్రాశన, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి ఆపైన మెత్తని ఆహారం మొదలుపెట్టాలన్న నేటి వైద్య సలహాకు దగ్గరగానే ఉన్నది. ముస్లిముల ఇండ్లలో ఏడవ నాటి అఖీఖా, ఆపైన నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా వేడుక వయస్సును లెక్కపెట్టి చేసేవే. మన పెద్దలు బిడ్డ ఎదుగుదలను గమనించనివారని అనడం అన్యాయం. గమనించారు, ఆనందించారు, పదిమందికి పంచారు.

అయితే ఈ ఆచారాలలో ఒక లోటున్నది. వచ్చిన అడుగుకు అరిసెలున్నవి గాని, రాని అడుగును గురించి విచారించే ఆచారం మనకు లేదు. అరిసెలు పంచినప్పుడు వాడకంతా తెలుస్తుంది. పంచకపోతే ఎందుకు పంచలేదని ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదనుకుంటారు. కన్నతల్లి తన దిగులును తనలోనే దాచుకుంటుంది. ఇల్లు అడగలేని ఈ ప్రశ్నను అడగవలసిన మనిషి నర్సు. ఆమె చదువుకు సార్థకత ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల కలిగినది కాదు. మా అక్కగారి కుమారుడు రెండవ నెలలో నవ్వాడు, ఎనిమిదవ నెలలో కూర్చున్నాడు, ఏడాది నిండగానే నడిచాడు. మా ఇంట అరిసెలు కూడ చేశారు. మాటలు మాత్రం రాలేదు. మగపిల్లలకు మాట ఆలస్యమన్నారు ఒకరు. వాడి తండ్రికీ మూడేండ్లు వచ్చేదాకా మాటలు రాలేదు గదా అన్నారు మరొకరు. టీకాల కోసం తీసుకువెళ్ళిన ప్రతిసారీ ఆసుపత్రివారు కార్డు మీద బరువు వ్రాశారు, తేదీ వేశారు. తొమ్మిదవ నెలలో "ఎదుగుదల అంతా సరిగానే ఉన్నదా?" అని ఒక ప్రశ్న కూడ అడిగారు. "ఆఁ, సరిగానే ఉన్నది" అన్నది మా అక్క. గడిలో టిక్కు పడింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలిసినంతలో సరిగానే ఉన్నది మరి.

వాడికి మూడున్నరేండ్లప్పుడు మా పేటలో జరిగిన ఒక ఆరోగ్య శిబిరంలో, ఇంకా చదువు పూర్తికాని ఒక నర్సింగు విద్యార్థిని మా అక్కను ఒకే ఒక ప్రశ్న అడిగింది: "వెనుకనుంచి పిలిస్తే తల త్రిప్పుతాడా అమ్మా?" మా అక్క వెంటనే జవాబు చెప్పలేకపోయింది. ఎదుట కనబడితే పరుగెత్తుకొని వస్తాడు. చేయి తట్టితే చూస్తాడు. వెనుకనుంచి పిలిచి చూసిన జ్ఞాపకం ఆమెకు లేదు. ఆ మధ్యాహ్నమే ఇంట్లో పళ్ళెం మీద గరిటెతో కొట్టి చూశారు. వాడు ఆడుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు వాడికి చెవి యంత్రమున్నది, మాటలు కొన్ని వచ్చాయి, బడికి పోతున్నాడు. కాని మాట నేర్చుకొనడానికి అన్నిటికన్న అనువైన మొదటి మూడేండ్లు మళ్ళీ రావు గదా! చెవిటి శిశువు కూడ మొదటి నెలల్లో ఊకొడుతుందనీ, ఆరు నెలల తరువాత ఆ ధ్వనులు క్రమంగా తగ్గిపోతాయనీ, అందువల్లనే ఇంటివారు మోసపోతారనీ నేను తరువాత తెలుసుకున్నాను. పుట్టిన నెలలోగా వినికిడి పరీక్ష, మూడు నెలలలోగా నిర్ధారణ, ఆరు నెలలలోగా చికిత్స జరగాలని నిపుణులు చెప్పే నియమం ఒకటున్నది. మా వాడి విషయంలో ఆరు నెలలు నలభై రెండు నెలలయ్యాయి. తప్పు ఒక్కరిదని నేననను. "అంతా సరిగానే ఉన్నదా?" అన్నది అసలు ప్రశ్నే కాదని మాత్రం అంటాను. ఆ ప్రశ్నకు ఏ తల్లి అయినా అవుననే అంటుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రతి బిడ్డకూ తనదైన వేగముంటుంది, తేదీలు చెప్పి తల్లులను భయపెట్టడం మంచిదా అని. ఆక్షేపణలో సత్యమున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యవంతులైన శిశువులు ఆసరా లేకుండా కూర్చునే వయస్సు ఇంచుమించు 4 నెలల నుండి 9 నెలల వరకు ఉన్నది. ఒంటరిగా నడిచే వయస్సు 8 నెలలు దాటినప్పటి నుండి 17 నెలలు దాటేదాకా ఉన్నది. నూటికి నలుగురు అసలు మోకాళ్ళపై దోగాడకుండానే నడిచారు. కనుక పక్కింటి బిడ్డ పదకొండవ నెలలో నడిచిందని పదమూడు నెలల బిడ్డ తల్లి కుమిలిపోనవసరం లేదు. నెలలు నిండక పుట్టిన బిడ్డ విషయంలో, ఎన్ని నెలలు ముందు పుట్టిందో అన్నింటిని తీసివేసి లెక్కించాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డను తొమ్మిదవ నెలలో ఏడు నెలల బిడ్డగా చూడాలి. ఇవన్నీ తల్లికి ధైర్యం చెప్పే విషయాలే. కాని గడువు విశాలమైనదంటే గడువే లేదని అర్థం కాదు. పద్దెనిమిది నెలలు నిండినా నడవని బిడ్డను "వాడే నడుస్తాడులే" అని ఇంటికి పంపరాదు. ఎప్పుడు ఊరడించాలో, ఎప్పుడు వైద్యునికి చూపించాలో తెలిసి ఉండడమే విద్య.

కనుక విద్యార్థినులారా, అడిగే తీరు మార్చండి. రెండు నెలలు నిండిన బిడ్డ తల్లిని, పలకరిస్తే నవ్వుతున్నదా అని అడగండి. నాలుగైదు నెలలకు, మెడ నిలిపిందా అని అడగండి. తొమ్మిది నెలలకు, చేయి ఆనించకుండా కూర్చుంటున్నదా, వెనుకనుంచి పిలిస్తే తిరుగుతున్నదా, కొత్త ముఖం చూస్తే బెదురుతున్నదా అని అడగండి. ఏడాది బిడ్డకు చందమామను చూపించమనండి. బిడ్డ మీ వ్రేలినే చూస్తున్నదా, వ్రేలు చూపిన దిక్కుకు చూస్తున్నదా గమనించండి. ఏడాదిన్నరకు తనంతట తానే వ్రేలు చాచి, అదిగో అని తల్లికి చూపవలె. రెండేండ్లకు రెండు మాటలు కలిపి "అమ్మా, పాలు" అనవలె. వచ్చిన మాటలు, వచ్చిన ఆటలు ఏ వయస్సులో పోయినా అది ఒక్కరోజు కూడ ఆలస్యం చేయదగిన విషయం కాదు. ఈ ప్రశ్నలలో ఒక్కటైనా తల్లికి తెలియని మాట ఉన్నదా?

శరీరం పెరుగుదలను గురించి కూడ ఒక మాట చెప్పాలి. అఖీఖా నాడు బిడ్డ తల వెంట్రుకలు తీసి, వాటి ఎత్తు వెండిని పేదలకు దానం చేయడం మన సంప్రదాయం. ఎంతో పవిత్రమైన సంప్రదాయమది. వెంట్రుకలను అంత శ్రద్ధగా తూచే ఇండ్లలో బిడ్డను నెల నెలా తూచే అలవాటు మాత్రం తక్కువగా ఉన్నదని నొచ్చుకుంటూ చెబుతున్నాను. పుట్టినప్పుడు ఇంచుమించు 3 కిలోలున్న బిడ్డ అయిదవ నెలకు దానికి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు తూగవలె. 50 సెంటీమీటర్ల పొడవు ఏడాదికి 75 కావలె. కాని ఒకనాటి బరువు ఒక చుక్క మాత్రమే. నెలనెలా చుక్కలు కలిపిన గీత మీదికి పోతున్నదా, చదునుగా ఉన్నదా, క్రిందికి దిగుతున్నదా అన్నది ముఖ్యం. బిడ్డ చిక్కినట్లు కంటికి కనబడకముందే గీత చెబుతుంది. "మన పిల్లలు ఇంతే, చిన్నగానే ఉంటారు" అనేవారికి ఒక జవాబున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు ఆధారమైన పరిశీలన ఆరు దేశాలలో జరిగింది. వాటిలో మన ఢిల్లీ నగరం ఒకటి. తల్లిపాలు, శుభ్రత, సంరక్షణ దొరికినచోట అయిదేండ్ల లోపు పిల్లలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకే విధంగా పెరిగారని తేలింది. చిన్నగా ఉండడం మన జాతి లక్షణం కాదు.

కళాశాల కమిటీవారికి నాదొక వినతి. మన కళాశాలకు తెలుగు, ఉర్దూ అనే రెండు భాషల సంపద ఉన్నది. నర్సింగు విద్యార్థినులు, మా రెండు భాషా శాఖలు కలిసి ఒక చిన్న పుస్తకం తయారుచేయవచ్చు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఉర్దూ. ఏ నెలలో ఏ ప్రశ్న, తల్లి మాటలలోనే. కోస్తాలో ఏమంటారు, రాయలసీమలో ఏమంటారు, తెలంగాణలో ఏమంటారు అన్నది సెలవులకు ఇండ్లకు వెళ్ళే విద్యార్థినులే తమ అమ్మమ్మలను, నానీలను అడిగి వ్రాసుకొని రావచ్చు. ఖర్చు అచ్చుకూలి మాత్రమే. ఇక ఆ పదిహేను నిమిషాల ప్రసంగాన్ని తోటి విద్యార్థినుల ఎదుట గాక నిజమైన తల్లుల ఎదుట చెప్పించి, చివర ఆ తల్లులనే "మీకేమి అర్థమైంది?" అని అడిగితే, అంతకు మించిన పరీక్ష ఉండదు. అడిగి తెలుసుకొని ఏమి చేయాలన్న సందేహం అక్కరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టుకనుండి పద్దెనిమిదేండ్ల వరకు పిల్లలలో వికాసలోపాలను గుర్తించి జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటున్నది. ఆ దారిలో బిడ్డను పెట్టవలసిన మొదటి మనిషి మనమే.

ఆనాటి నలుగురు విద్యార్థినులూ నా సమాసాలు పారవేసి, మా అమ్మ మాటలతో బస్తీలో ప్రసంగం చెప్పారు. అయిపోయిన తరువాత ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకొని ముందుకు వచ్చి, తన బిడ్డకు పదకొండు నెలలనీ, ఇంకా కూర్చోవడం లేదనీ, ఇన్నాళ్ళూ తననెవరూ అడగలేదనీ మెల్లగా చెప్పిందట. వారు ఆ తల్లిని మరునాడే పిల్లల వైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు. వారికి ఆ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో నేను అడగలేదు.